పక్కవాద్యాలకే ఒక కచేరీ: పది వారాల పనుల డైరీ

1వ వారం: జాబితా, గడియారం

జాజ్‌లో నివాళి కచేరీ అంటే మామూలుగా ముందు వరసలో నిలబడ్డ పేర్లకే. ఇది పక్కన నిలబడి వాయించినవాళ్లకి. వాళ్లని సైడ్‌మెన్ అంటారు. మనకి పక్కవాద్యం అన్న మాట ఎప్పట్నుంచో ఉంది కాబట్టి ఈ డైరీలో అదే వాడుతున్నాం.

చోటు న్యూజెర్సీలో 160 కుర్చీల హాలు. ఆరుగురు: ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్, గిటార్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్. విరామం లేకుండా 60 నిమిషాలు. ఈ రాష్ట్రంలోనే చెయ్యడానికి ఒక న్యాయం ఉంది. పక్కవాద్యాలు ఇంత విడివిడిగా వినబడే రికార్డుల్లో చాలా రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ చేసినవే. మొదట హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో, 1959 నుంచి ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో కట్టుకున్న స్టూడియోలో.

మొదటి మీటింగులోనే ఒక ఉచ్చు కనబడింది. బేస్ విద్వాంసుడికి నివాళి అనగానే బేస్ సోలో, డ్రమ్మర్‌కి నివాళి అనగానే డ్రమ్ సోలో వేసేసుకున్నాం. అది తప్పు. మృదంగ విద్వాంసుడి గొప్ప తని ఆవర్తనంలోనే ఉందనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అసలు పని కీర్తన కింద జరుగుతుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం: ప్రతి పాటలోనూ ఒకచోట ఆ వాద్యాన్ని తీసెయ్యాలి, లేదా దానిమీద ఉన్న మిగతావాళ్లని తీసెయ్యాలి. లేనప్పుడు ఏం పోయిందో చెవికి తెలియాలి. కచేరీ కూర్పంతా ఈ ఒక్కదాని మీదే నడుస్తుంది.

ఖాయమైన ఆరు పాటలు, వేగం నిమిషానికి బీట్లలో (బార్ అంటే నాలుగు బీట్లు):

కార్నర్ పాకెట్ (ఫ్రెడీ గ్రీన్, గిటార్): 32 బార్లు, వేగం 132. ఒక్క ఆవృత్తి, అంటే కోరస్, 58 సెకన్లు. ఎనిమిది కోరస్‌లు.

బిల్లీ బాయ్ (రెడ్ గార్లండ్ పియానో, ఫిలీ జో జోన్స్ డ్రమ్స్): ట్రియో మాత్రమే, 5 నిమిషాలు.

సో వాట్ (పాల్ చాంబర్స్ బేస్, జిమ్మీ కాబ్ డ్రమ్స్): 32 బార్లు, 136. కోరస్ 56 సెకన్లు. ముందు నెమ్మది భాగంతో కలిపి 9 నిమిషాలు.

ఫ్రెడీ ఫ్రీలోడర్ (వింటన్ కెల్లీ, పియానో): 12 బార్లు, 128. కోరస్ 22న్నర సెకన్లు, 22 కోరస్‌లు.

ద సైడ్‌వైండర్ (బిల్లీ హిగిన్స్ డ్రమ్స్, బాబ్ క్రాన్‌షా బేస్): 24 బార్లు, 160. కోరస్ 36 సెకన్లు, 13 కోరస్‌లు.

మిస్టర్ పీ.సీ.: 12 బార్ల మైనర్ బ్లూస్, 240. కోరస్ 12 సెకన్లు, 35 కోరస్‌లు. శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ దీన్ని పాల్ చాంబర్స్ పేరు మీదే కట్టాడు. రికార్డు ఇంతకన్నా వేగంగా ఉంటుంది. మా హాలు గోడలకి 240 దాటితే ట్రంపెట్ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

వాయించేది దాదాపు 45 నిమిషాలు, మాటలు 9, శ్రుతి చూసుకోవడానికి 6. లెక్క సరిపోయింది. సోలో వాయించేవాళ్లు "ఇంకో రెండు కోరస్‌లు" అంటారు. ఆఖరి పాటలో రెండంటే 24 సెకన్లు, ఇచ్చెయ్యొచ్చు. సో వాట్‌లో రెండంటే దాదాపు రెండు నిమిషాలు. ఈ పట్టిక అందరి స్టాండు మీదా అతికించాం.

2వ వారం: విని రాసుకోవడం

పద్ధతి మామూలుదే. నాలుగు బార్లు లూప్‌లో పెట్టి, 70 శాతం వేగానికి దించి, బేస్ కోసం ఒక కిలోహెర్ట్జ్ పైన అంతా కోసేసి వినడం. మొత్తం అక్షరం అక్షరం రాయలేదు. ఒక్కో పాటకి మొదటి రెండు కోరస్‌లు పూర్తిగా, తర్వాత అలవాట్లు మాత్రమే. ఏ బీట్ మీద వదిలాడు, కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మారేముందు ఎటునుంచి వచ్చి దిగాడు, వెనక వాయిస్తూ ఎక్కడ నోరు మూసుకున్నాడు, అవి.

సో వాట్ దగ్గర బేస్ ఆయన రాసింది, పియానో ఆయన రాసింది కలవలేదు. పియానో కాగితం డి మైనర్. బేస్ కాగితం మీద ప్రశ్నార్థకాలు, ఎందుకంటే ఖాళీ తీగ మోగిస్తే రికార్డుతో కలవడం లేదు, కొంచెం కింద ఉంటోంది. తప్పు ఇద్దరిదీ కాదు. ఈ పాట ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు కైండ్ ఆఫ్ బ్లూలోది. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో ఆ రోజు టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా పట్టుకున్నదాన్ని మామూలు వేగంలో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది. ఆ పూట చేసిన మూడు పాటలూ, అంటే రికార్డు మొదటి వైపంతా, దశాబ్దాలపాటు అలాగే అచ్చయింది. 1990లలో వచ్చిన ముద్రణల్లో సరిచేశారు. బేస్ ఆయన విన్నది పాత ఎల్పీ నుంచి ఎక్కించిన ఫైలు.

ఈ రెండు పాటలు (సో వాట్, ఫ్రెడీ ఫ్రీలోడర్) నేర్చుకునేవాళ్లు ముందు ముద్రణ చూసుకోండి. పాతది తప్ప దొరక్కపోతే ప్లేయర్‌లో శ్రుతి దించుకుంటూ, బేస్ ఖాళీ డి తీగ రికార్డుతో కలిసేదాకా తెచ్చి, అప్పుడు రాయడం మొదలుపెట్టండి.

3వ వారం: గిటార్

ఎక్కువ రోజులు పట్టింది దీనికే. వినబడకుండా వాయించినవాణ్ని వినిపించాలి మరి.

ఫ్రెడీ గ్రీన్ (1911–1987) 1937లో పియానో విద్వాంసుడు కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి, పోయేదాకా అందులోనే వాయించాడు. బేసీ 1984లో పోయాక కూడా. ఆంప్లిఫయర్ లేని ఆర్చ్‌టాప్ (పైపలక ఉబ్బెత్తుగా ఉండే) గిటార్, బార్‌కి నాలుగు బీట్లు, నాలుగు మీట్లు. అంతే. సోలో అన్నది దాదాపు లేనట్టే. స్ట్రాంబర్గ్, తర్వాత గ్రెట్ష్ గిటార్లు వాడాడు. తీగలు మెడకి బాగా ఎత్తుగా ఉంచుకునేవాడు.

మా గిటార్‌కి చేసిన మార్పులు: పికప్ వైరు పీకేశాం. తీగలు 11 నుంచి 13 సెట్‌కి, మూడో తీగ చుట్టిన రకం. తీగలు ఆనే బ్రిడ్జి చక్రాలు తిప్పి 12వ మెట్టు దగ్గర ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల నుంచి 3.2కి. ఎత్తు ఎందుకంటే గట్టిగా మీటినా తీగ మెట్లకి తగిలి గిలగిలమనకూడదు. ఎత్తితే చెయ్యి నొప్పెడుతుంది. మూడు రోజులు రోజుకి 20 నిమిషాలు మించకుండా వాయిస్తూ అలవాటు చేసుకోవాలి. మొదటిరోజే గంట వాయిస్తే బొటనవేలి మొదలు పట్టేస్తుంది.

పట్టుకునేవి మూడు తీగలే: ఆరు, నాలుగు, మూడు. ఐదో తీగని ఆరో తీగ పట్టిన వేలి కడుపుతోనే తాకి మూగ చెయ్యాలి. ఒకటి, రెండు అసలు మోగకూడదు. జి స్వరం మీద ఒక నడక ఇలా ఉంటుంది (మెట్లు ఆరు, నాలుగు, మూడు తీగల వరసలో):

జి6: 3, 2, 4
జి షార్ప్ డిమినిష్డ్: 4, 3, 4
ఏ మైనర్ 7: 5, 5, 5
డి7: 5, 4, 5

నాలుగో తీగ ఒక్కటే విడిగా వాయించి చూడండి: ఈ, ఎఫ్, జి, ఎఫ్ షార్ప్. అది ఒక చిన్న పాట. ఫ్రెడీ గ్రీన్ గుట్టు ఆ నాలుగో తీగలోనే. చాలాచోట్ల మిగతా రెండూ సగం నొక్కి వదిలేసి దాన్నే మోగించాడు. మావాడు మొదట మూడు తీగలూ సమానంగా మోగిస్తే ఇత్తడి వాద్యాల (ట్రంపెట్, టెనర్) కింద అదంతా బురదలా వినబడింది. వేళ్లు నొక్కే బరువు నాలుగో తీగకి మార్చాక తేటపడింది.

రెండో తప్పు: రెండు, నాలుగు బీట్ల మీద గట్టిగా కొట్టడం. స్వింగ్ అంటే అదే అనుకుంటారు. ఆ రెండు బీట్లకీ డ్రమ్మర్ కాలి కింద హైహ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) ఉంది, దానికి తోడక్కర్లేదు. నాలుగూ ఒకే బరువు. మీటగానే ఎడమచేతి పట్టు సడలించాలి గానీ వేళ్లు తీగ మీంచి లేపకూడదు. లేపితే కీచుమంటుంది, సడలించడం మరిచిపోతే కార్డు కారుతూ ఉంటుంది.

మూడో ఇబ్బంది పియానో. పియానో ఆయన రెండు చేతులా నిండా కార్డులు వేస్తుంటే గిటార్ ఉన్నా లేనట్టే. బేసీ పియానో మీద అంత పొదుపుగా ఎందుకు వాయించాడో ఇక్కడ అర్థమవుతుంది. కింద గిటార్, బేస్, డ్రమ్స్ నేల వేసి ఉంచితే పైన రెండు చుక్కలు చాలు. కాబట్టి కార్నర్ పాకెట్‌లో పియానో ఎడమచేయి మూసివేత, కుడిచేయి మధ్య సి పైన మాత్రమే. ఈ పాట కట్టింది కూడా ఫ్రెడీ గ్రీనే.

తీసి చూపించే చోటు ఐదో కోరస్. మధ్య ఎనిమిది బార్లలో గిటార్ ఆగిపోతుంది. ఆఖరి ఎనిమిదిలో తిరిగి వస్తుంది, అప్పుడు పియానో, ఇత్తడి రెండూ ఆగుతాయి. మొదట నాలుగు బార్లే తీసి చూశాం, విన్నవాళ్లకి ఏమీ తెలియలేదు. చెవి లోటు పట్టుకునేలోపే అయిపోతోంది. ఎనిమిది పెడితే గిటార్ తిరిగి వచ్చిన మొదటి బీట్ దగ్గర తలలు కదిలాయి.

4వ వారం: బేస్‌కి నరం తీగలు

చాంబర్స్ కాలపు బేస్ నాదం స్టీలు తీగల మీద రాదు. గొర్రె పేగుతో చేసే తీగ, అంటే గట్, కావాలి. దెబ్బ తగలగానే ధంమని మొదలై త్వరగా ఆరిపోతుంది. స్టీలు చాలాసేపు పాడుతూ ఉంటుంది, అందుకే స్టీలు మీద ఆ నడక వాయిస్తే మాట మీద మాట పడుతుంది.

తీగలు: జి, డి వట్టి గట్. ఏ, ఈ లోహం చుట్టిన గట్.

మార్చే క్రమం: ఒక్కో తీగే. నాలుగూ ఒకేసారి విప్పితే ఒత్తిడి పోయి లోపల రెండు పలకల మధ్య నిలబెట్టిన కర్ర, సౌండ్‌పోస్ట్, పడిపోతుంది. దాన్ని నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. గట్ లావు కాబట్టి నట్‌లో (మెడ పై చివర తీగలు ఆనే ముక్క) గాడి వెడల్పు చెయ్యాలి. గుండ్రటి ఆకురాయితో, అడుగు లోతు పెరగకుండా పక్కలు మాత్రమే. గాడిలో మెత్తటి పెన్సిల్ పొడి రాయండి, లేకపోతే తీగ అక్కడ పట్టుకుని, బిగించేటప్పుడు టిక్కుటిక్కుమంటూ ఎగిరెగిరి శ్రుతికి వస్తుంది. ఒక డి తీగ పోగులు లేచిపోయింది ఈ గాడి దగ్గరే.

ఎత్తు: మెడ చివర జి తీగ 6 నుంచి 9 మిల్లీమీటర్లకి, ఈ తీగ 8 నుంచి 12కి. గట్ బిగువు తక్కువ, ఊగేది ఎక్కువ. పాత ఎత్తులోనే ఉంచితే పలకకి కొట్టుకుంటుంది. బిగించే కొద్దీ బ్రిడ్జి తల మెడవైపు వాలుతుంది. రోజూ ఒక విజిటింగ్ కార్డు మూల పెట్టి బ్రిడ్జి వెనక వైపు నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. వాలినది అలాగే వదిలితే ఒకరోజు ధనామని పడుతుంది, పైపలక పగలగొట్టుకుంటుంది.

శ్రుతి నిలవడానికి ఆరు రోజులు పట్టింది. ఆ తర్వాత కూడా గాలిలో తేమ మారితే మళ్లీ జారుతుంది. అందుకే ఒకటో వారంలో శ్రుతికి ఆరు నిమిషాలు విడిగా తీసి పెట్టింది.

విల్లు సంగతి. చాంబర్స్ విల్లుతో చేసిన సోలోలకు ప్రసిద్ధుడు. మేం బిల్లీ బాయ్‌లో ఒక కోరస్ పెట్టాం. గట్ మీద విల్లు స్వరం పట్టుకోవడానికి ఆలస్యం చేస్తుంది. మామూలుగా బీట్ మీద లాగితే వెనకబడ్డట్టుంటుంది, వెంట్రుకవాసి ముందే మొదలుపెట్టాలి. రాళ విల్లుకి తక్కువ రాయండి. ఎక్కువైతే తీగ మీద పేరుకుని, తర్వాత వేళ్లతో మీటేటప్పుడు జిగురులా పట్టుకుంటుంది. ఆ పాట అయ్యాక పొడిబట్టతో తుడవడం కార్యక్రమం పట్టికలోనే రాసేశాం. తుడిచే ఆ అర నిమిషమే చాంబర్స్ గురించి రెండు ముక్కలు చెప్పే సమయం: 1935లో పిట్స్‌బర్గ్‌లో పుట్టి, డెట్రాయిట్‌లో పెరిగి, 1955లో మైల్స్ డేవిస్ దగ్గర చేరి, 1969 జనవరిలో క్షయతో పోయాడు. 33 ఏళ్లు. అంతకుముందు డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో బేస్‌ని సోలో వాద్యం చేసిన జిమ్మీ బ్లాంటన్ కూడా క్షయతోనే, 1942లో, 23 ఏళ్లకే పోయాడు.

5వ వారం: బిల్లీ బాయ్, మూడు వాద్యాలు

1958 నాటి మైల్స్ డేవిస్ రికార్డులో ఉన్న పాట. అందులో మైల్స్ డేవిస్ లేడు. గార్లండ్, చాంబర్స్, ఫిలీ జో ముగ్గురే. మన కార్యక్రమానికి ఇంతకన్నా తగినది లేదు.

పియానో: గార్లండ్ బ్లాక్ కార్డుల నిర్మాణం విచిత్రం. ఎడమచేతిలో మూలస్వరం లేని నాలుగు స్వరాలు. డి మైనర్ 7కి ఎఫ్, ఏ, సి, ఈ. జి7కి సి ఒక్కటే బి అవుతుంది. కుడిచేతిలో పాట స్వరం ఆక్టేవ్‌గా, మధ్యలో కింది స్వరానికి పంచమం: డి, ఏ, డి. ఇదే అచ్చు పాట ఎటు వెళితే అటు జరుగుతుంది. పాట స్వరం బి అయితే మధ్యలో ఎఫ్ షార్ప్ వస్తుంది, అది కార్డులో లేని స్వరం. పియానో ఆయన దాన్ని ఎఫ్‌గా దిద్దారు. దిద్దగానే ఆ గంట మోగినట్టుండే గుణం పోయింది. దిద్దకండి. పైన అంత ఎత్తులో అది స్వరంలా కాక మెరుపులా వినబడుతుంది.

ఒక్కో స్వరంగా వాయించే భాగాల్లో ఎడమచేయి రెండో బీట్ తర్వాతి సగంలో, నాలుగో బీట్ తర్వాతి సగంలో పడాలి. కార్డు మారబోయే బార్‌లోది అర బీట్ ముందే వచ్చేస్తుందన్నమాట. ఇది మీటర్ పెట్టినట్టు రావాలంటే కుడిచేయి లేకుండా పది నిమిషాలు అదొక్కటే చెయ్యడం తప్ప దారి లేదు.

డ్రమ్స్: నాలుగో బీట్ మీద ఫిలీ జో వేసే అడ్డకర్ర దెబ్బ. కర్రని స్నేర్ (డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్ము) మీద పడుకోబెట్టి అంచు మీద కొట్టడం. మావాడు కర్ర మొన వైపు పడుకోబెడితే టిక్‌మని పల్చగా వచ్చింది. తిప్పి లావు చివర అంచు మీద పడేలా, అంచుకి అవతల ఒక 5 సెంటీమీటర్లు వదిలి పెట్టాక చెక్క మోగింది. ఆ చోటు డ్రమ్ముకి డ్రమ్ముకి మారుతుంది, వెతికి పెన్సిల్‌తో కర్ర మీద గీత పెట్టుకోవాలి. బేస్ డ్రమ్ 20 అంగుళాలది, రెండు వైపులా తోలు, లోపల దిండు లేకుండా, శ్రుతి పైకి బిగించి.

6వ వారం: లెక్క తప్పే చోట్లు

సో వాట్ వినడానికి సులువు. 16 బార్లు డి, 8 బార్లు ఈ ఫ్లాట్, మళ్లీ 8 డి. చిక్కు ఎక్కడంటే ఆ ఆఖరి 8, తర్వాతి కోరస్ మొదటి 16 కలిసి 24 బార్లు ఒకే మైనర్ మీద నడుస్తాయి. అందులో ఎక్కడున్నామో చెప్పే గుర్తు లేదు. రెండు రిహార్సళ్లలో ట్రంపెట్ ఈ ఫ్లాట్‌కి ఎనిమిది బార్లు ముందే వెళ్లిపోయింది. చెయ్యి ఎత్తి సైగ చెయ్యడం మాకు ఇష్టం లేదు. గుర్తు పక్కవాద్యమే ఇవ్వాలి. ప్రతి ఎనిమిదో బార్ చివర డ్రమ్స్ స్నేర్ మీద చిన్న మాట, కోరస్ ముగిసినప్పుడు బేస్ కింది డికి దిగడం. ఇవి రెండూ పెట్టాక సోలో వాయించేవాళ్లు లెక్కపెట్టడం మానేశారు. నిజానికి చాంబర్స్, కాబ్ అక్కడ చేస్తున్న పని అదే.

పాట మాట బేస్‌ది, జవాబు మిగతావాళ్లది. ఆ జవాబు కార్డు కింద నుంచి ఈ, ఏ, డి, జి, బి. రెండోది మొత్తం ఒక స్వరం కిందికి: డి, జి, సి, ఎఫ్, ఏ. పైన ఇత్తడి రెండే ఉన్నాయి కాబట్టి పియానో ఐదూ వేస్తుంది, ట్రంపెట్ పై స్వరం, టెనర్ దాని కింది స్వరం. మొదటి సోలో మొదలయ్యేచోట జిమ్మీ కాబ్ సింబల్ దెబ్బ ఒకటుంది. అది ఆరిపోయేదాకా వినబడాలి. 18 అంగుళాల సింబల్ మా హాల్లో తొందరగా చచ్చిపోయింది. 20ది, బరువు తక్కువది తెచ్చాం.

ఫ్రెడీ ఫ్రీలోడర్ బీ ఫ్లాట్ బ్లూసే, కానీ సోలోల్లో 11, 12 బార్లు ఏ ఫ్లాట్ 7. వేళ్ల అలవాటు బీ ఫ్లాట్‌కే పోతుంది. ముగ్గురూ తప్పారు. కాగితం మీద ఆ రెండు బార్లకి ఎర్ర పెట్టె గీసి పెట్టాం. కైండ్ ఆఫ్ బ్లూ మొత్తంలో వింటన్ కెల్లీ వాయించింది ఈ ఒక్క పాటే, మిగతా అంతా బిల్ ఎవాన్స్.

సైడ్‌వైండర్ అనగానే డ్రమ్మర్లు రాక్ పాటలా బాదుతారు. హిగిన్స్ చేతిలో సగం బీట్లు పూర్తిగా తిన్నగా ఉండవు, పూర్తిగా ఊగవు. రైడ్ సింబల్ మెత్తగా, కుడికాలు వినబడీ వినబడనట్టు. 160 దగ్గర మాకు కుదిరిన చిట్కా: బేస్ నడక తిన్నగా, సింబల్ కొంచెం ఊగుతూ. రెండూ ఊగితే షఫుల్ అయిపోతుంది, రెండూ తిన్నగా ఉంటే కవాతు.

7వ వారం: హాలు

వేదిక 9 మీటర్ల వెడల్పు, 6 లోతు. మామూలుగా ఇత్తడి ముందు, లయ వెనక. ఇక్కడ తిరగేశాం. ముందు వరసలో ఎడమ నుంచి పియానో, దాని వంపులో బేస్, బేస్‌కి ఒక మీటరు దూరంలో గిటార్, గిటార్ పక్కన హైహ్యాట్ వచ్చేలా డ్రమ్స్. ట్రంపెట్, టెనర్ వెనక కుడివైపు.

వెంటనే వచ్చిన తంటా: ట్రంపెట్ నోరు నేరుగా బేస్ మైకులోకి. స్టాండు మీటరున్నర కుడికి జరిపి, ట్రంపెట్‌ని ఎదురుగా కాక పక్కగోడ తెర వైపు తిప్పాం. తెర పీల్చినంత పీల్చింది.

ఎనిమిదో వరసలో ఫోన్ మీటరుతో చూస్తే గిటార్ ఒక్కటే 54 డెసిబెల్స్, డ్రమ్స్ బ్రష్‌లతో 62, కర్రలతో 74. అంటే కర్రలు తీస్తే గిటార్ లేనట్టే. కార్నర్ పాకెట్ అంతా బ్రష్‌లే అని తేల్చాం. గిటార్‌కి చిన్న కండెన్సర్ మైకు ఒకటి, ఎఫ్ రంధ్రానికి 30 సెంటీమీటర్లలో, మిక్సర్‌లో 120 హెర్ట్జ్ కింద కోసి, కొద్దిగా మాత్రమే ఎత్తి. గిటార్ స్పీకర్లోంచి వస్తున్నట్టు తెలిసిందా, ఎక్కువైనట్టే.

బేస్‌కి అయస్కాంతం పికప్ పనికిరాదు, గట్‌కి అది చెవిటిది. బ్రిడ్జి కింద మందపాటి స్పాంజిలో చుట్టిన మైకు దూర్చాం. 110 హెర్ట్జ్ దగ్గర కూత పెట్టింది. అక్కడ 4 డెసిబెల్స్ తగ్గించి, బేస్ ముందున్న మానిటర్ తీసేస్తే పోయింది. డ్రమ్స్‌కి మైకు ఒక్కటీ లేదు.

8వ వారం: కాగితాలు

పాటల ప్రదర్శన హక్కుల లైసెన్సు హాలు పేరు మీద ఉందో లేదో రాతలో అడగండి. అది ఆ రోజు వాయించడానికి మాత్రమే, వీడియో పెట్టడానికి అనుమతి వేరే. పాత ఫొటోలకి హక్కుదారులుంటారు. మేం ఫొటోల జోలికి పోలేదు. తెర మీద పేరు, వాద్యం, పుట్టిన, పోయిన సంవత్సరాలు, అంతే. అక్షరం పెద్దదిగా, పాట మొదలయ్యాక పది సెకన్లకి వచ్చి, ఆ వాద్యం ఆగిన చోట పేరు కూడా పోయేలా. వాద్యం వచ్చినప్పుడు పేరు వస్తుంది. స్లైడు మార్చే మనిషికి బార్లు లెక్కపెట్టడం రావాలి, లేకపోతే ఈ ఏర్పాటు నవ్వులపాలే.

9వ వారం: పూర్తి రిహార్సల్

68 నిమిషాలు వచ్చింది. ఎనిమిది ఎక్కువ. ఐదు నిమిషాలు మాటల్లో, మూడు ఆఖరి పాటలో. ఆఖరి పాటలో ఎవరు ఆపాలో నిర్ణయించలేదు, ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉన్నారు. ఆపే అధికారం బేస్‌కిచ్చాం: ఆయన తొమ్మిది, పది బార్లలో (ఏ ఫ్లాట్ 7, జి7) నడక మాని ఒక్కో బార్‌కి ఒక్కో దెబ్బ వేస్తే ఆ కోరస్‌తో సోలో అయిపోయినట్టు. మాటలు కార్డు మీద రాసి, పాటకి 90 సెకన్లు మించకుండా గడియారం పెట్టి చదివి చూశాం.

వేదిక దీపాల కింద 25 నిమిషాలకి గట్ జి తీగ శ్రుతి మారిపోయింది. దీపాలు వాయించేముందు గంట నుంచీ వెలిగించి ఉంచాలని, బేస్ ఆ దీపాల కిందే నిలబెట్టి ఉంచాలని పట్టికలో చేర్చాం. ఇంకోటి: బేస్ ఆయనకి పైన ఏసీ గాలి నేరుగా తగులుతోంది. ఆ రెక్కలు హాలు మనిషిని అడిగి మూయించాం.

10వ వారం: కచేరీ రోజు

2:00 సామాను. 2:40 పియానో శ్రుతి చేసే ఆయన. ఈ 50 నిమిషాలు హాల్లో ఇంకెవరూ ఏమీ వాయించకూడదు. 3:30 బేస్, గిటార్ మాత్రమే, మైకు లేకుండా. 4:15 అందరూ. 5:30 దీపాలు, తలుపులు మూత. 6:30 బేస్ శ్రుతి. 7:00 మొదలు.

61 నిమిషాల్లో ముగిసింది. కార్నర్ పాకెట్ ఐదో కోరస్‌లో గిటార్ ఆగినప్పుడు హాల్లో ఏమీ కాలేదు. తిరిగి వచ్చి ఒంటరిగా నాలుగు బార్లు నడిచాక వెనక వరసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి, ఆ చప్పట్లలో మిగతా నాలుగు బార్ల గిటార్ మునిగిపోయింది. దీనికి మందు ఆలోచించలేదు. ఎనిమిదికి బదులు పదహారు బార్లు ఉంచాలేమో.

జరిగిన తప్పులు: ఫ్రెడీ ఫ్రీలోడర్‌లో టెనర్ ఒకసారి ఎర్ర పెట్టె దాటి బీ ఫ్లాట్‌కి వెళ్లింది, పియానో అక్కడ ఏ ఫ్లాట్ 7 గట్టిగా రెండుసార్లు కొట్టి వెనక్కి లాక్కొచ్చింది. సైడ్‌వైండర్‌లో స్లైడు ఒక కోరస్ ముందే మారింది. సో వాట్‌లో 24 బార్లు ఎవరూ తప్పలేదు.

తర్వాతి పనులు: గట్ తీగలు తుడిచి, పల్చగా బాదం నూనె రాసి, సగం స్వరం దించి ఉంచాం. ఇంకో కచేరీ మూడు వారాల్లో ఉంది కాబట్టి విప్పడం లేదు. జి తీగ మీద విల్లు తగిలే చోట పోగు ఒకటి లేచింది, గోళ్ల కత్తెరతో మొదలంటా కత్తిరించాం, లాగకూడదు. గిటార్ ఎత్తు 3.2 నుంచి 3.0కి దించాలి. అడ్డకర్ర మీద పెన్సిల్ గీత చెరిగిపోయింది, ఈసారి టేపు చుట్టాలి.